ఈబుక్స్ ప్యాకేజీ: అద్దెకా, సొంతానికా, వాడి చూసి ఉంచుకోడమా – ఏది మేలు?

మార్చి దగ్గరకొచ్చిందంటే నాకు వేరే కాలేజీల లైబ్రేరియన్ల ఫోన్లు మొదలు. బడ్జెట్ మురిగిపోకూడదు, ఏదో ఒకటి కొనీయాలి, "మాస్టారూ, వీళ్ళు లక్ష టైటిల్స్ అంటన్నారు, ఇంకొకళ్ళు రెండువేలే ఇస్తారంట గానీ సొంతమంట, ఏది మేలండీ?" ప్రశ్న ఇదే, అడిగే మనిషి మారతాడంతే. పోయినేడు మేం ఆరు కాలేజీల లైబ్రరీలం కలిసి ఒక ఈబుక్స్ కలెక్షన్ తీసుకున్నాం కాబట్టి నాకేదో తెలుసనుకుంటన్నారు. శ్రీకాకుళం వైపు నాలుగు, విజయనగరం వైపు రెండు. ఆ రెండిట్లో ఒకటి రాజాం పక్కనే, 2022లో జిల్లా మారిపోయారు గానీ వాళ్ళ నోట్లో ఇంకా శ్రీకాకుళమే. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేదు, ఒక్కసారి రాసీస్తన్నాను.

ముందు ప్రిన్సిపాల్ గారు అడిగే ప్రశ్న. వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అని కేంద్రం పథకం వచ్చీసింది కదా, ఇంక ఈబుక్స్‌కి డబ్బులెందుకు? 2024 నవంబర్‌లో కేబినెట్ ఒప్పుకున్న ఆ 6,000 కోట్లు 2025, 2026, 2027 మూడేళ్ళకి, అదీ 30 మంది పబ్లిషర్ల పరిశోధన జర్నల్స్‌కి. పుస్తకాలు కాదు. పైగా ప్రభుత్వ సంస్థలకి. మా ఆరిట్లో నాలుగు ప్రైవేటు, వాళ్ళకి దాంతో పనే లేదు. ఎన్-లిస్ట్, అంటే ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్ళు కాలేజీలకిచ్చే ఈబుక్స్, జర్నల్స్ సదుపాయం, చాలా కాలేజీలకి ఉంది, అందులో 1,99,500 పైచిలుకు ఈబుక్స్ ఉన్నాయి, అది మాత్రం వదలొద్దు. కొత్త ప్యాకేజీ ఏది చూసినా ముందు దాని లిస్టు ఎక్సెల్‌లో తెప్పించి ఎన్-లిస్ట్‌తో పోల్చండి. ఇక్కడ నేనొక తప్పు చేసాను. ఐఎస్‌బీఎన్ నంబర్లు పెట్టి పోల్చి, కలిసినవి చాలా తక్కువే అని మీటింగ్‌లో చెప్పీసాను. అట్ట బైండింగ్‌కో నంబరు, పేపర్‌బ్యాక్‌కో నంబరు, ఈబుక్‌కో నంబరు ఉంటాయి కదా, ఆ సంగతే బుర్రకి తట్టలేదు. తర్వాత పేరు పెట్టి వెతికితే బోల్డు కలిసాయి. నాలిక్కరుచుకున్నాను.

ఇంక అసలు విషయం. మూడు రకాలు. సబ్‌స్క్రిప్షన్ అంటే కౌలు, ఏడాదికింత కడతాం, కట్టినన్నాళ్ళే మనది. పర్పెచువల్ అంటే పట్టా భూమి, ఒక్కసారి కొనీస్తాం. మూడోది ఎవిడెన్స్ బేస్డ్ అక్విజిషన్, అంటే వాడకం చూసి కొనడం, మేం ఈబీఏ అనేస్తాం. నారాయణవలస సంతలో గేదెని పాలు పితికి చూసి బేరం తెగ్గొట్టినట్టు అనుకోండి, ముందు కొంత డబ్బు కట్టీసి పబ్లిషర్ లిస్టు మొత్తం ఒక ఏడాది తెరిపించుకుంటాం, పిల్లలు ఏం వాడారో చూస్తాం, ఏడాది చివర్లో కట్టిన డబ్బుకి సరిపడా టైటిల్స్ మనకి శాశ్వతంగా ఉంచుకుంటాం, మిగతావి మూసుకుపోతాయి.

సబ్‌స్క్రిప్షన్‌కి ఉన్న బలం అంకె. లక్ష టైటిల్స్ అని కాలేజీలకి గ్రేడ్లిచ్చే నాక్ వాళ్ళకిచ్చే రిపోర్ట్‌లో లైబ్రరీ పేజీలో పడిందనుకోండి, మేనేజ్‌మెంట్ మొహం వెలిగిపోద్ది. ఆ లక్షలో మన సిలబస్‌కి పనికొచ్చేవెన్ని అని ఎవరూ అడగరు. డిగ్రీ పిల్లలకి కావల్సిన అసలు టెక్స్ట్ బుక్స్ ఈ ప్యాకేజీల్లో దాదాపు ఉండవండీ, ఎందుకంటే అవి పెడితే పిల్లలు కొనడం మానీస్తారు, పబ్లిషర్‌కి నష్టం. ఉండేవి హ్యాండ్‌బుక్‌లు, మోనోగ్రాఫ్‌లు, కాన్ఫరెన్స్ పుస్తకాలు. ఇంకో ఇబ్బంది, కౌలు భూమి కదా, గట్టు జరిపినా మనం అడగలేం. 2022 ఆగస్టు చివర్లో విలీ అనే పబ్లిషర్ వాళ్ళు ప్రోక్వెస్ట్ కంపెనీ అమ్మే అకడమిక్ కంప్లీట్ ప్యాకేజీలోంచి 1,379 టైటిల్స్ తీసీసారు, అమెరికాలో అప్పటికి క్లాసులు మొదలైపోయాయి, సిలబస్‌లో పెట్టుకున్న పుస్తకాలు మాయం, లైబ్రేరియన్లు గోల గోల చేస్తే మళ్ళీ పెట్టారు, అది కూడా 2023 జూన్ దాకానే. అలాంటిది మన జిల్లాల్లో జరిగితే మనకి తెలియడానికే ఆర్నెల్లు పడతాది.

మరి సొంతంగా కొనీడమే మంచిదా? మా సీనియర్లు అందరూ అదే అంటారు, బీరువాలో పుస్తకంలాగ ఉండాలని. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. గానీ సొంతం అన్నాక కూడా పుస్తకం వాళ్ళ సర్వర్‌లోనే ఉంటాది, కొందరు ఏటా ప్లాట్‌ఫాం ఫీజు అని అడుగుతారు, అది అగ్రిమెంట్‌లో ఎనిమిదో పేజీలో చిన్నక్షరాల్లో ఉంటాది, సంతకం పెట్టే ముందు చూస్కోండి. కంపెనీ మూతపడితే పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి, పోర్టికో లాంటి ఆర్కైవ్‌లో పెట్టారా లేదా అని కూడా రాయించుకోవాలి. రేటు ఇంకో తలనొప్పి. బజార్లో ఇండియన్ ఎడిషన్ 700కి దొరికే పుస్తకానికి ఈబుక్ లైబ్రరీ రేటు డాలర్లలో ఉంటాది, చూస్తే కళ్ళు తిరుగుతాయి. అచ్చు పుస్తకానికి జీఎస్టీ లేదు, ఈబుక్‌కి ఉంది, 2018లో 18 నుంచి 5 శాతానికి తగ్గించారు అదీ అచ్చు కాపీ ఉన్న టైటిల్స్‌కే. పైగా ఈ దారే మూసుకుపోయేలా ఉంది. 2025 ఫిబ్రవరిలో ప్రోక్వెస్ట్ ఓనర్లు క్లారివేట్ వాళ్ళు ఇంక ప్రోక్వెస్ట్ పుస్తకాలు ఒక్కసారి కొనుక్కునే పద్ధతి ఎత్తేస్తాం, అంతా సబ్‌స్క్రిప్షనే అన్నారు, గొడవయ్యాక గడువు 2026 జూన్ దాకా జరిపారు. అంటే పట్టా ఇచ్చేవాళ్ళే తగ్గిపోతన్నారు.

ఇవన్నీ మీటింగుల్లో మాట్లాడుకునేవే. నా దృష్టిలో తేల్చేది ఇవేవీ కాదు. ఒక పుస్తకం ఒకేసారి ఎంతమంది తెరవగలరు, ఆ తెరిచింది పిల్లల ఫోన్లోకి దిగుతాదా లేదా, ఈ రెండే.

ఎందుకంటన్నానో చెప్తాను. కలిసి కొనకముందు మా కాలేజీ ఒక్కటే ఓ నలభై టైటిల్స్ పర్పెచువల్‌గా కొంది. ఎవరి దగ్గరో చెప్పను. లైసెన్స్‌లో ముగ్గురు యూజర్లు అని ఉంది, ముగ్గురంటే మనకి పర్లేదులే అనుకున్నాం. సెమిస్టర్ పరీక్షలకి ముందురోజు రాత్రి పదిన్నరకి సీతంపేట వైపు అమ్మాయి ఒకతి నాకు వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ పెట్టింది, ఇంగ్లీషులో ఏదో ఉంది, కాపీలన్నీ వాడుకలో ఉన్నాయి తర్వాత ప్రయత్నించండి అని దాని అర్థం. కింద "సార్, బుక్ ఎవరో పట్టుకెళ్ళిపోయారా?" అని అడిగింది. ఆ పిల్లకి నేనేం చెప్పాలి? కంప్యూటర్ పుస్తకాన్ని ఎవరు పట్టుకెళ్తారమ్మా అనబోయి ఆగిపోయాను, ఎందుకంటే నిజంగానే ముగ్గురు పట్టుకెళ్ళిపోయారు. మూడు కాపీల అచ్చు పుస్తకం అయితే కనీసం ఎవరి దగ్గరుందో రిజిస్టర్ చూసి చెప్పేవాణ్ణి, హాస్టల్లో ఇద్దరూ పంచుకునేవాళ్ళు. పొద్దున్న ఐదుకి లేచి మళ్ళీ ప్రయత్నించింది, అప్పుడు దొరికింది. ఆవేళే పరీక్ష.

ఆ నెల వాడకం లెక్కలు చెప్పే కౌంటర్ రిపోర్ట్ తీసాను. మనలో చాలామంది టీఆర్ బీ1 ఒక్కటే చూస్తారు, ఎన్నిసార్లు వాడారని. దాని పక్కనే బీ2 ఉంటాది, అది తలుపు దాకా వచ్చి వెనక్కెళ్ళిపోయినోళ్ళ లెక్క, టర్న్‌అవే అంటారు. చాలా కంపెనీలు అడిగితేగానీ పంపవు. మాది తెప్పించి చూస్తే ఆ నలభై టైటిల్స్‌లో ముప్పైకి పైగా ఎవరూ ముట్టలేదు, వెనక్కెళ్ళిన లెక్కంతా నాలుగైదు పుస్తకాల మీదే, అదీ పరీక్షల వారంలోనే. అంటే మేం ముప్పై పుస్తకాలు ఎవరికీ అక్కర్లేనివి కొని, కావల్సిన ఐదిటికీ మూడేసి కుర్చీలు వేసాం. బీ1 చూసేటప్పుడు కూడా ఒక మెలిక ఉంది. చాప్టర్లుగా దింపుకునే సైట్లలో ఒక్క పుస్తకంలో పది చాప్టర్లు దింపితే పది వాడకాలు అని పడతాది, పుస్తకం మొత్తం ఒకే ఫైల్‌గా ఇచ్చేచోట ఒకటి పడతాది. అందుకని టోటల్ కాదు, యూనిక్ టైటిల్ రిక్వెస్ట్స్ అనే వరస చూడండి. ఏజెంట్ ఎప్పుడూ టోటలే చూపిస్తాడు.

పుస్తకాన్ని ఫోన్లోకి సరిగ్గా దిగనీయని తాళం సంగతి కూడా ఇదే. చాలామంది పబ్లిషర్ల పుస్తకాలు కలిపి అమ్మే అగ్రిగేటర్ల దగ్గర కొన్న పుస్తకాలకి చాలావాటికి డీఆర్ఎం అనే ఆ తాళం ఉంటాది, అడోబ్ యాప్ వేసుకోవాలి, ఐడీ పెట్టాలి, కొన్నిరోజులకి ఫైల్ దానంతటదే పోద్ది. మా పిల్లల ఫోన్లలో ఫొటోలకే చోటు లేదు, యాప్ ఎక్కడ వేస్తారు. స్ప్రింగర్ లాంటి పబ్లిషర్లు సొంత సైట్‌లో ఇచ్చేవాటికి ఆ తాళం ఉండదు, చాప్టర్ పీడీఎఫ్ దిగిపోద్ది, ఎంతమందైనా ఒకేసారి. సిగ్నల్ ఉన్నచోట దింపుకొని ఊరెళ్ళి చదువుకుంటారు. న్యాయంగా చెప్పాలంటే పెద్ద సబ్‌స్క్రిప్షన్ ప్యాకేజీలు కూడా ఈ ఒకేసారి ఎంతమంది అనే పరీక్షలో బాగానే పాసవుతాయి, అక్కడ లిమిట్ సాధారణంగా పెట్టరు. దెబ్బతినేది ఒక్కో టైటిల్ ఏరి కొనుక్కున్నప్పుడే. ఒకే పుస్తకానికి ఒక యూజర్‌కి ఒక రేటు, ముగ్గురికి ఒక రేటు, అన్‌లిమిటెడ్‌కి ఒక రేటు, మనం తక్కువ చూసి మొదటిదో రెండోదో టిక్ పెట్టీస్తాం.

అందుకే మేం ఆరుగురం కూర్చున్నప్పుడు నేను పట్టుబట్టి ఈబీఏ వైపు లాగాను, అదీ తాళం లేని పబ్లిషర్ సొంత సైట్‌తోనే. కలిసి కొంటే అక్కడో తిరకాసు ఉంది. ఆరు కాలేజీలకీ ఒక్క రేటుకి ఇవ్వరు, లిస్ట్ రేటుకి ఒక గుణకం పెడతారు, రెండింతలో మూడింతలో, బేరమంతా ఆ గుణకం మీదే. డిస్కౌంట్ శాతం గురించి కాదు, గుణకం గురించి కొట్లాడండి. మేం రెండు గంటలు కూర్చుంటే దిగింది.

డబ్బులు ఎవరెంత కట్టాలన్నది మళ్ళీ వేరే పంచాయితీ. సమానంగా అంటే చిన్న కాలేజీ ఏడుస్తాది, తలకింత అంటే ఇంజినీరింగ్ వాళ్ళు ఏడుస్తారు. సగం సమానంగా, సగం పిల్లల సంఖ్య బట్టి అని తేల్చాం. గానీ అసలు చిక్కు ఏడాది చివర్లో వచ్చింది, ఇది ముందు మాకెవ్వరూ చెప్పలేదు. వాడకం బట్టి పుస్తకాలు ఉంచుకుందాం అని లిస్ట్ పైనుంచి కిందకి పేర్చితే మొదటి యాభైలో నలభై పైచిలుకు మెషిన్ లెర్నింగ్, డేటా, చిప్ డిజైన్ (వీఎల్ఎస్ఐ). ఇంజినీరింగ్ పిల్లలు వేలల్లో ఉన్నారు, వాళ్ళు వాడారు, వాళ్ళ తప్పేం లేదు. పార్వతీపురం వైపు పిల్లలు ఎక్కువగా చదివే చిన్న డిగ్రీ కాలేజీ బోటనీ మేడమ్ ఉన్నారు, ఆవిడ లిస్ట్ చూసి ఏమీ అనలేదు, కళ్ళజోడు తీసి తుడుచుకొని "మా మొక్కలు ఎక్కడున్నాయండీ?" అన్నారంతే. నూట ముప్పై ఎనిమిదో వరసలో ఉన్నాయి. వాళ్ళ కాలేజీలో ఉన్నదే నాలుగొందల మంది, అందులో బోటనీ ముప్పై, ఆ ముప్పై మంది ఎంత చదివినా లిస్ట్ పైకి రారు.

అప్పుడు మార్చుకున్నాం. డబ్బులో మూడొంతుల్లో రెండొంతులు వాడకం బట్టి, మిగతా వంతు ఆరు కాలేజీలకీ సమానంగా, ఆ వంతులో ఎవరి పుస్తకాలు వాళ్ళే ఏరుకోవచ్చు, వాడకం ఉన్నా లేకపోయినా. ఇంజినీరింగ్ లైబ్రేరియన్ గారు కాస్త గునిసారు గానీ ఒప్పుకున్నారు. మీరు గనక కలిసి తీసుకుంటే ఈ ముక్క మొదటిరోజే కాగితం మీద పెట్టుకోండి, ఏడాది చివర్లో పెడితే మొహాలు మాడతాయి.

మిగతావి రెండు ముక్కల్లో. డిమాండ్ డ్రివెన్ అని ఒకటుంది, పిల్లాడు కొన్ని పేజీలు చదివితే దానంతటదే కొనుగోలు అయిపోద్ది, ఏప్రిల్‌లో పెట్టిన డబ్బు జూలైకి ఖాళీ, మనలాంటి ఆడిట్ ఉన్నచోట వద్దు. ఓపెన్ యాక్సెస్ పుస్తకాలు డీఓఏబీ, ఓపెన్‌స్టాక్స్ సైట్లలో ఉన్నాయి, ఉచితం, వాటి మార్క్ రికార్డులు (కేటలాగ్ వివరాలు) మీ లైబ్రరీ సాఫ్ట్‌వేర్ కోహాలో ఎక్కించీండి, అయిపోయింది. తెలుగు పుస్తకాలు మాత్రం ఈ ప్యాకేజీలు వేటిలోనూ ఆశించకండి, 2021 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియం అయినా మా పిల్లలు ఇంకా తెలుగు అకాడమీ పుస్తకం పక్కన పెట్టుకునే చదువుతున్నారు, దానికి అచ్చు కాపీలే దిక్కు.

ఒక్క కాలేజీ, డబ్బు తక్కువ, పిల్లలు తక్కువ అయితే ఈబీఏ జోలికి పోకండి, కనీసం కట్టమనే డిపాజిట్టే మీ బడ్జెట్ మింగేస్తాది. ఎన్-లిస్ట్ ఉంచుకొని, బాగా తిరిగే ఐదో పదో టైటిల్స్ అన్‌లిమిటెడ్ లైసెన్స్‌తో కొనుక్కోండి. నలుగురైదుగురు కలిసే వీలుంటే మాత్రం ఈబీఏనే. సబ్‌స్క్రిప్షన్ నాక్ రిపోర్ట్ ఇచ్చే ఏడాదికి తీసుకుంటారేమో, మీ ఇష్టం, మీ ప్రిన్సిపాల్ గారి ఇష్టం.

ఏది తీసుకున్నా ట్రయల్ నెలలో ఒక పని చెయ్యండి. ఇరవైమంది పిల్లల్ని లైబ్రరీలో కూర్చోబెట్టి, వైఫై ఆపీసి, వాళ్ళ సొంత ఫోన్లలో ఒకే పుస్తకం ఒకేసారి తెరవమనండి. మేం చేసాం. మొదట అనుకున్న కంపెనీది, ఎంతమందైనా తెరవొచ్చని ఏజెంట్ చెప్పిందే, పదకొండో కుర్రాడికి తెరుచుకోలేదు. ఏజెంట్ గారు అప్పుడు నా టేబుల్ దగ్గరే టీ తాగుతున్నారు.