ఎల్‌ఎం393 లైట్ సెన్సర్ మాడ్యూల్ సమీక్ష: ఒక రెసిస్టర్ మార్చి, ఒకటి కలిపితే మంచి సరుకే

ఎలక్ట్రానిక్స్ హాబీలోకి వచ్చినవాళ్లు మొదట కొనే సెన్సర్లలో ఇదొకటి. చిన్న బోర్డు, దాని కొసన ఎల్‌డీఆర్ (వెలుతురును బట్టి రెసిస్టెన్స్ మారే భాగం), మధ్యలో రెండు వోల్టేజీలను పోల్చే ఎనిమిది కాళ్ల ఎల్‌ఎం393 ఐసీ, నీలం రంగు పాట్ (తిప్పి సెట్ చేసే రెసిస్టర్), రెండు బుల్లి ఎల్‌ఈడీలు. ధర వంద రూపాయల లోపే. ఎక్కువమంది దీన్ని కొనేది ఒకే పనికి: పొద్దుగూకగానే వరండా లైటు దానంతటదే వెలగాలి, తెల్లారగానే ఆరిపోవాలి. ఆ పని దీనితో చక్కగా జరుగుతుంది, కాకపోతే ప్యాకెట్లోంచి తీసింది తీసినట్టు బిగిస్తే జరగదు. ఎందుకు జరగదో తెలిస్తే సరిచేయడానికి అరగంట చాలు. వెలుతురు ఎంతుందో లక్స్‌లో కొలవాలనుకునేవాళ్లు మాత్రం దీని జోలికి పోవద్దు. వాళ్లకు పనికొచ్చేది చివర్లో చెప్పాను.

కొనేటప్పుడు నాలుగు పిన్నులది అడగండి. విసిసి (సప్లై), గ్రౌండ్, డిఓ (వెలుతురా, చీకటా అని మాత్రమే చెప్పే డిజిటల్ అవుట్‌పుట్), ఏఓ (వోల్టేజీని ఉన్నదున్నట్టు ఇచ్చే అనలాగ్ అవుట్‌పుట్) అని ఉంటాయి. మూడు పిన్నుల రకంలో ఏఓ ఉండదు. ఏఓ లేకపోతే ఎల్‌డీఆర్ దగ్గర ఎన్ని వోల్టులు ఉన్నాయో చూసే దారి మూసుకుపోతుంది, కింద చెప్పే మార్పులు కూడా కష్టమవుతాయి. రెండింటి ధరలో తేడా చాలా తక్కువ.

బోర్డు మీద ఎల్‌డీఆర్ సాధారణంగా 5 మి.మీ. జీఎల్5528 రకం. పది లక్స్ వెలుతురులో దాని రెసిస్టెన్స్ సుమారు 10 నుంచి 20 కిలో ఓమ్‌లు, చీకట్లో ఒక మెగా ఓమ్ దాటాలి. వెలుతురు పది రెట్లు పెరిగితే రెసిస్టెన్స్ దాదాపు ఐదో వంతుకు పడిపోతుంది. బాగున్నదో లేదో చూడాలంటే కరెంటు ఇవ్వకుండా ఒక కాలు విడదీసి, మల్టీమీటర్‌ను 2 మెగా ఓమ్ రేంజ్‌లో పెట్టి, తలను నల్ల టేపుతో పూర్తిగా మూయండి. పది సెకన్లు ఆగి రీడింగ్ చూడండి. మూసిన వెంటనే చూస్తే తక్కువే కనిపిస్తుంది, ఎందుకంటే ఎల్‌డీఆర్‌లో ఉండే కాడ్మియం సల్ఫైడ్‌కు అంతకుముందు తగిలిన వెలుతురు ప్రభావం కొంతసేపు ఉంటుంది. పగలంతా ఎండలో ఉన్న ఎల్‌డీఆర్, చీకటి డబ్బాలోంచి అప్పుడే తీసిన ఎల్‌డీఆర్ ఒకే వెలుతురులో ఒకే రీడింగ్ ఇవ్వకపోవడానికీ కారణం ఇదే. పది సెకన్ల తర్వాత కూడా ఒక మెగా ఓమ్ దాటకపోతే ఆ ముక్క పక్కన పెట్టేయండి.

ఇక లోపలి సర్క్యూట్. విసిసి నుంచి 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్, దాని కింద ఎల్‌డీఆర్, దాని కింద గ్రౌండ్. ఆ రెండూ కలిసేచోటే ఏఓ. అది ఎల్‌ఎం393 మూడో కాలికి వెళ్తుంది. పాట్ మధ్య కాలు రెండో కాలికి. ఒకటో కాలే డిఓ. వెలుతురు పెరిగితే ఏఓ దగ్గర వోల్టేజీ తగ్గుతుంది, అది పాట్ వోల్టేజీ కంటే కిందికి పోగానే డిఓ సున్నా అవుతుంది, రెండో ఎల్‌ఈడీ వెలుగుతుంది. అంటే ఎల్‌ఈడీ వెలిగిందంటే వెలుతురు ఉన్నట్టు, ఆరిందంటే చీకటి పడినట్టు. పాట్, ఎల్‌డీఆర్ రెండూ ఒకే సప్లై నుంచి తీసుకుంటాయి కాబట్టి బ్యాటరీ కొంచెం దిగినా సెట్టింగ్ చెక్కుచెదరదు. ఇంత చవక బోర్డులో మెచ్చుకోవాల్సిన విషయం ఇది.

తంటా వచ్చేది ఎల్‌ఎం393 ఇన్‌పుట్ హద్దు దగ్గర. పోల్చాల్సిన రెండు వోల్టేజీల్లో కనీసం ఒకటైనా సప్లై కంటే ఒకటిన్నర వోల్టు తక్కువలో ఉండాలి. 5 వోల్టుల సప్లైకి ఆ హద్దు 3.5 వోల్టులు, 3.3 వోల్టుల సప్లైకి 1.8 మాత్రమే. రెండూ హద్దు దాటితే డిఓ ఏం చెబుతుందో నమ్మలేం. ఇప్పుడు లెక్క చూడండి. పది లక్స్ దగ్గర 20 కిలో ఓమ్‌లు చూపే ఎల్‌డీఆర్ మీ బోర్డు మీద ఉందనుకుందాం. 5 వోల్టుల మీద ఏఓ 3.33 వోల్టులు, హద్దుకు వెంట్రుకవాసి దూరం. 3.3 వోల్టుల మీద ఏఓ 2.2 వోల్టులు, హద్దు దాటిపోయింది. వరండా లైటు వెలగాల్సింది సరిగ్గా పది లక్స్ చుట్టుపక్కలే. "పాట్ ఎంత తిప్పినా చీకటి పడ్డాక ఒక పట్టాన సెట్ కావడం లేదు" అనే ఫిర్యాదు చాలావరకు ఇక్కడినుంచే వస్తుంది. అమ్మేవాళ్లు 3.3 నుంచి 5 వోల్టులు అని రాస్తారు. గదిలో పట్టపగటి వెలుతురుకు అది నిజమే, సంధ్యవేళకు కాదు.

అందుకే మొదటి మార్పు: ఎల్‌డీఆర్‌తో ఉన్న 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ తీసి 47 కిలో ఓమ్‌లది పెట్టండి. అప్పుడు అదే ఎల్‌డీఆర్‌తో పది లక్స్ దగ్గర ఏఓ 5 వోల్టుల మీద 1.5, 3.3 వోల్టుల మీద దాదాపు 1 వోల్టుకు వస్తుంది. పాట్‌కు రెండు వైపులా తిరగడానికి చోటు దొరుకుతుంది. బోర్డు మీద 103 (అంటే 10 కిలో ఓమ్‌లు) అని రాసిన రెసిస్టర్లు రెండు ఉంటాయి, ఒకటి డిఓ పుల్‌అప్ (డిఓను సప్లై వైపు పైకి లాగేది), ఇంకొకటి మనకు కావలసింది. కరెంటు తీసేసి మల్టీమీటర్‌ను బీప్ మోడ్‌లో పెట్టండి. ఒక ప్రోబ్ ఏఓ పిన్ను మీద, ఇంకొకటి 103 ల కొసల మీద. బీప్ వచ్చిందే మనది. 102 అని ఉన్నవి ఎల్‌ఈడీలవి, వాటిని ముట్టుకోవద్దు. బుల్లి ఎస్‌ఎండీ రెసిస్టర్ దొరక్కపోతే పాతది ఊడదీసి, మామూలు కాళ్ల పావు వాట్ 47 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌ను విసిసి, ఏఓ పిన్నుల వెనక సోల్డర్ చేస్తే చాలు. పాతది తీయకుండా పైన కలిపితే విలువ పెరగదు, తగ్గుతుంది.

రెండో మార్పు హిస్టరిసిస్, అంటే వెలిగే హద్దుకూ ఆరే హద్దుకూ మధ్య కొంత ఎడం. ఈ బోర్డు మీద అది లేనే లేదు. మునిమాపు వేళ వెలుతురు మెల్లగా తగ్గుతుంది, పైగా పక్కింటి ట్యూబ్‌లైటు మన 50 హెర్ట్జ్ కరెంటు మీద సెకనుకు 100 సార్లు మిణుకుతుంది. ఏఓ సరిగ్గా పాట్ వోల్టేజీ దగ్గరకు వచ్చేసరికి డిఓ అటూ ఇటూ ఊగిసలాడి, లైటును వేసి ఆర్పే రిలే (కాయిల్‌తో నడిచే స్విచ్) కటకటా కొట్టుకుంటుంది. అలా కొట్టుకుంటే రిలే కాంటాక్టులు కాలిపోతాయి, లైటూ చెడుతుంది. దీనికి మందు ఒకే రెసిస్టర్: డిఓ పిన్ను నుంచి ఏఓ పిన్నుకు 470 కిలో ఓమ్‌లు. రెండూ బయటి పిన్నులే కాబట్టి ఐసీ కాళ్లను ముట్టుకోనక్కర్లేదు. దీనివల్ల లైటు వెలిగే వెలుతురుకూ ఆరే వెలుతురుకూ మధ్య సుమారు 20 నుంచి 30 శాతం ఎడం వస్తుంది. 47 కిలో ఓమ్‌ల మార్పు చేయకుండా పాత 10 కిలో ఓమ్‌లే ఉంచుకుంటే ఈ రెసిస్టర్ 100 కిలో ఓమ్‌లు ఉండాలి, 470 అయితే ప్రభావం చాలదు.

రిలే కలపడంలో ఇంకో చిక్కు. నేరుగా డిఓకు రిలే కాయిల్ కలపకూడదు. ఎల్‌ఎం393 కచ్చితంగా లాగగలదని హామీ ఉన్నది 6 మిల్లీ ఆంపియర్లే, మామూలు 5 వోల్టుల నీలం రిలే కాయిల్ తినేది 70 పైమాటే. రిలే మాడ్యూల్ కలిపితే, వాటిలో చాలావాటికి సున్నా ఇస్తేనే రిలే ఆన్ అవుతుంది. మన బోర్డు సున్నా ఇచ్చేది వెలుతురులో. ఫలితం తెలిసిందే, పగలు లైటు వెలిగి రాత్రి ఆరిపోతుంది. ఎన్‌సీ కాంటాక్ట్ (రిలే ఆఫ్‌లో ఉన్నప్పుడు కలిసి ఉండేది) వాడి తప్పించుకోవచ్చు గానీ పగలంతా కాయిల్ వేడెక్కుతూ కూర్చుంటుంది. మంచి దారి 2ఎన్7000 మాస్‌ఫెట్ (గేట్ మీది వోల్టేజీతో ఆన్ అయ్యే ట్రాన్సిస్టర్): గేట్ డిఓకు, సోర్స్ గ్రౌండ్‌కు, డ్రెయిన్ రిలే కాయిల్‌కు, కాయిల్ రెండో కొస 5 వోల్టులకు. కాయిల్‌కు అడ్డంగా 1ఎన్4007 డయోడ్, గీత ఉన్న వైపు 5 వోల్టుల వైపు. చీకట్లో డిఓ పైకి లేస్తుంది, రిలే ఆన్ అవుతుంది, ఎన్‌ఓ కాంటాక్ట్‌లో (రిలే ఆన్ అయితేనే కలిసేది) లైటు వెలుగుతుంది. చదునైన ముఖం మీవైపు పెట్టుకుంటే 2ఎన్7000 కాళ్లు ఎడమనుంచి సోర్స్, గేట్, డ్రెయిన్. షాపులో దాని బదులు బీఎస్170 ఇస్తే వరస తిరగబడుతుంది, చూసుకోండి. ఈ మాస్‌ఫెట్ 70 మిల్లీ ఆంపియర్లకు అంచు మీద సరిపోతుంది. నిశ్చింతగా ఉండాలంటే ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్ పెట్టండి. బీసీ547 ఇక్కడ వద్దు. బోర్డు మీది 10 కిలో ఓమ్‌ల పుల్‌అప్ దాని బేస్‌కు 0.4 మిల్లీ ఆంపియర్లే ఇస్తుంది, ట్రాన్సిస్టర్ పూర్తిగా ఆన్ కాక రిలే సగం సగం లాగే ప్రమాదం ఉంది. రిలే దగ్గరే 5 వోల్టులకు, గ్రౌండ్‌కు మధ్య 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి వేయండి. 230 వోల్టుల తీగలు బ్రెడ్‌బోర్డు మీదికి అస్సలు రాకూడదు. మూత ఉన్న డబ్బా, స్క్రూ టెర్మినల్, లైన్‌లో ఫ్యూజ్ తప్పనిసరి.

సెట్టింగ్ సాయంత్రమే చేయాలి. లైటు ఏ వేళకు వెలగాలనుకుంటున్నారో ఆ వేళ దాకా ఆగి, డిఓ ఎల్‌ఈడీ అప్పుడే ఆరేలా పాట్ తిప్పండి. ఈ పాట్ ఒక చుట్టుకు లోపే తిరుగుతుంది కాబట్టి చిన్న స్క్రూడ్రైవర్‌తో వెంట్రుకవాసి కదపాలి. తర్వాత ఐసీ రెండో కాలి దగ్గర వోల్టేజీ కొలవండి. 5 వోల్టుల మీద 3.5 కంటే తక్కువ ఉంటే నిలకడగా పనిచేస్తుంది.

ఎక్కడ బిగిస్తారన్నది సర్క్యూట్ అంత ముఖ్యం. తాను వెలిగించిన లైటు వెలుతురు తనమీదే పడితే సెన్సర్ తెల్లారిందనుకుని ఆర్పేస్తుంది, మళ్లీ చీకటి, మళ్లీ వెలుతురు. ఆ తేడా ముందు 30 శాతం హిస్టరిసిస్ ఏమూలకూ చాలదు. ఎల్‌డీఆర్‌ను బోర్డు నుంచి ఊడదీసి, మెలిపెట్టిన జంట తీగతో మీటరు, రెండు మీటర్ల దూరం తీసుకెళ్లి, నల్ల పైపు ముక్కలో దించి ఉత్తరపు ఆకాశం వైపు తిప్పండి. బోర్డు దగ్గర ఏఓకు, గ్రౌండ్‌కు మధ్య 100 నానోఫారడ్ కెపాసిటర్ పెడితే తీగ పట్టుకొచ్చే రొద తగ్గుతుంది. జీఎల్5528 కు గరిష్ఠ ఉష్ణోగ్రత 70 డిగ్రీలు. రామగుండం, రెంటచింతల లాంటి చోట్ల మే నెల ఎండలో మూసిన నల్ల డబ్బా లోపల వేడి బయటికంటే బాగా పెరుగుతుంది, అందుకే తెల్ల డబ్బా, సూర్యుడు నేరుగా తగలని చోటు ఎంచుకోండి. వానాకాలంలో తేమ పడితే చీకటి రెసిస్టెన్స్ పడిపోయి లైటు ఆలస్యంగా వెలుగుతుంది. కాళ్ల మొదళ్లకు హాట్ గ్లూ పట్టించండి. చెడిపోయిన ఎల్‌డీఆర్‌లో కాడ్మియం ఉంటుంది, కాల్చొద్దు, చెత్తబుట్టలో వేయొద్దు, ఈ-వేస్ట్‌లో ఇవ్వండి.

ఈఎస్‌పి32 (వైఫై ఉన్న మైక్రోకంట్రోలర్ బోర్డు) చేతిలో ఉన్నవాళ్లకు ఈ మాడ్యూల్ అక్కర్లేదని నా గట్టి అభిప్రాయం. విడి ఎల్‌డీఆర్, 47 కిలో ఓమ్‌ల రెసిస్టర్ 3.3 వోల్టులకు కలిపి అనలాగ్ పిన్నులో చదివితే పాట్ పని, హిస్టరిసిస్ పని రెండూ ప్రోగ్రామ్‌లోనే అయిపోతాయి. పిన్ను 32 నుంచి 39 లోపు ఉన్నదే ఎంచుకోండి. వైఫై నడుస్తుంటే ఏడీసీ2 (రెండో అనలాగ్ గుంపు) పిన్నులు చదవవు. మాడ్యూల్‌నే వాడి 5 వోల్టులు ఇచ్చారంటే డిఓ మీద కూడా 5 వోల్టులే వస్తాయి, అవి ఈఎస్‌పి32 కు పనికిరావు. డిఓ నుంచి 47 కిలో ఓమ్‌లు, అక్కడినుంచి గ్రౌండ్‌కు 100 కిలో ఓమ్‌లు పెట్టి మధ్యలోంచి తీసుకోండి. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో ఈ విడిభాగాలన్నీ దొరుకుతాయి. చెన్నైలో రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్‌పీ రోడ్ ఉన్నాయి.

లక్స్ కావాలంటే బీహెచ్1750 చిప్ ఉన్న జీవై-302 బోర్డు తీసుకోండి. ధర రెండు మూడు రెట్లు ఉండొచ్చు, కానీ ఇది ఐ2సీ (రెండు తీగల డిజిటల్ లింకు) మీద నేరుగా అంకె ఇస్తుంది, మన కంటికి దగ్గరగా వెలుతురును చూస్తుంది. అడ్రస్ పిన్ను వదిలేస్తే హెక్స్ 23, విసిసికి కడితే హెక్స్ 5సి. వచ్చిన అంకెను 1.2 తో భాగిస్తే లక్స్. ఒక్కో రీడింగ్‌కు 120 మిల్లీ సెకన్లు, మామూలుగా, ఒక్కోసారి 180 దాకా పడుతుంది. అంతకంటే ముందే అడిగితే పాత అంకే వస్తుంది. మిద్దె తోటలో నేరుగా ఎండ కొలిచేవాళ్లకు 54,612 దగ్గర రీడింగ్ ఆగిపోతుంది, మధ్యాహ్నపు ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. కొలత సమయం రిజిస్టర్‌ను 69 నుంచి 31 కి తగ్గించి, లెక్కలో 69/31 తో గుణిస్తే 1,21,000 లక్స్ దాకా అందుతుంది.