వార్డు తెలిసినవాళ్లు తీసిన సినిమా

పాయల్ కపాడియా తీసిన ‘ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్’కు 2024లో కాన్స్ ఫిలిం ఫెస్టివల్‌లో గ్రాండ్ ప్రి అవార్డు వచ్చింది. మన దేశంలో విడుదల చేసింది రానా దగ్గుబాటి స్పిరిట్ మీడియా. తిరుపతిలో మా ఇంట్లో టీవీలో చూశాను. మాటలు ఎక్కువ మలయాళం, మిగతాది హిందీ, మరాఠీ. సబ్‌టైటిల్స్ చదువుకోవాల్సిందే.

నేను స్టాఫ్ నర్సుని. మన సినిమాల్లో నర్సంటే డాక్టరు వెనకాల ట్రే పట్టుకుని నిలబడే మనిషి. ఇందులో ముంబై ఆసుపత్రిలో పనిచేసే ప్రభ చుట్టూనే కథంతా. పెళ్లవగానే జర్మనీ వెళ్లిన భర్త ఫోన్ చేయడం కూడా మానేశాడు. చనిపోయిన మొగుడు గదిలో కనిపిస్తున్నాడని చెప్పే పెద్దావిడ మాటలు ప్రభ ఓపిగ్గా వింటుంది. తన బాధ మాత్రం ఎవరికీ చెప్పదు. కని కుశ్రుతి ముఖంలో అది కనిపిస్తూనే ఉంటుంది. డ్యూటీలో మేమందరం పెట్టుకునే ముఖమే అది.

ఒకరోజు ఇంటికి ఎర్రటి రైస్ కుక్కర్ పార్సిల్‌లో వస్తుంది. పంపినవాళ్ల పేరుండదు, జర్మనీలో తయారైనట్టు మాత్రం తెలుస్తుంది. రాత్రిపూట ప్రభ వంటింటి నేల మీద కూర్చుని ఆ కుక్కర్‌ని ఒళ్లోకి తీసుకుని గట్టిగా వాటేసుకుంటుంది. ఒక్క డైలాగ్ లేదు. నాకు గొంతు పట్టేసింది. మా చిత్తూరు, కడప వైపు మొగుడు కువైట్‌లో ఉన్న ఆడవాళ్లెందరో ఉన్నారు. ఈ సీను వాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

రూమ్మేట్ అనుగా దివ్యప్రభ బాగుంది. ఆసుపత్రి వంటమనిషి పార్వతిగా ఛాయా కదమ్ ఇంకా బాగుంది. భర్త పోయాడు, ఇంటి కాగితాలు లేవు, బిల్డర్ ఖాళీ చేయమంటున్నాడు. ఆ కోపంతో రాత్రివేళ బిల్డర్ హోర్డింగ్ మీద ఆమె, ప్రభ రాళ్లు విసురుతుంటే నాకూ చెయ్యి లేచింది.

పార్వతి సొంతూరికి తిరిగి వెళ్లిపోతుంటే ప్రభ, అను తోడుగా రత్నగిరి సముద్రతీరానికి వెళ్తారు. అక్కడికి వెళ్లాక కథ బాగా నెమ్మదిస్తుంది. సముద్రంలో కొట్టుకొచ్చిన మనిషిని ప్రభ బతికించాక అతను ఆమె మొగుడిలాగే మాట్లాడతాడు. ఏది నిజమో, ఏది ఆమె ఊహో తెలియదు. “వాడు నిజంగా ఆమె మొగుడేనా అక్కా?” అని మా తోటి సిస్టర్ అడిగింది. ఎవరైతేనేం, ఇన్నేళ్లూ నోట్లోనే ఉండిపోయిన మాట ఆమె అతనితో అనేస్తుంది. నాకు అది చాలు.

పిల్లలతో కూర్చుని చూసేది కాదు. నైట్ డ్యూటీ దిగి వచ్చి పెట్టుకోకండి, నిద్ర పట్టేస్తుంది. వీక్లీ ఆఫ్ రోజు చూడండి.