ఆరడుగుల పాత అక్వేరియం, రెండు రీసీళ్లు, మూడేళ్లు

పాత ట్యాంకు కొన్నందుకు చింత లేదు. మొదటి రీసీల్‌లో, అంటే అద్దాలు అతికిన మూలల్లోని పాత సిలికాన్ జిగురు గీకి కొత్తది వేసినప్పుడు, నల్ల సిలికాన్ వాడినందుకు మాత్రం మూడేళ్లయినా మనసు ఒప్పుకోవడం లేదు.

ట్యాంకు 6×2×2 అడుగులు, 12 మి.మీ. గాజు, పైన చుట్టూ గాజు పట్టీలు, మధ్యలో ఒక అడ్డపట్టీ. ఇలాంటిది చూడటానికి వెళ్తే ముందు అంచులు తడమండి. సిలికాన్ మళ్లీ వేసుకోవచ్చు, పెచ్చు లేచిన అంచుకు మందు లేదు. నిండా నీళ్లుంటే ముందువైపు అద్దాన్ని బయటికి నెట్టే బలం సుమారు 340 కిలోలు. ట్యాంకు వెడల్పుతో దానికి పని లేదు, నీటి ఎత్తు, అద్దం పొడవే లెక్క. ఆ బలాన్ని ఆపేది అద్దానికీ అద్దానికీ మధ్య ఉన్న సన్నని సిలికాన్ పొర. లోపలి మూలల్లో కనిపించే లావుపాటి సిలికాన్ పట్టీ ఆ పొరకు కాపలా మాత్రమే. మధ్య పొరలోనే బుడగలు, మెరిసే మచ్చలు ఉంటే రీసీల్‌తో సరిపోదు, అద్దాలు విప్పి మళ్లీ అతకాల్సిందే.

మొదటి ఏడాది ఎవరడిగినా నల్ల సిలికానే వేయమని చెప్పాను. నాచు కనపడదు, మూలలు నీటుగా ఉంటాయి. ఆ మాట ఇప్పటికీ అబద్ధం కాదు, కానీ సగమే.

పద్నాలుగో నెలలో వెనక అద్దం అడుగున సుద్దతో గీసినట్టు తెల్లటి చార వచ్చింది. బోరు నీళ్లు ఆరిన చోటల్లా అలా పేరుకుంటుంది. తడి కంటపడకముందే కారుతున్న సంగతి చెప్పేది ఆ చారే. అయితే చార ఉన్న చోటే సందు ఉందనుకోవద్దు. నీళ్లు అడుగు గాజుకూ కింది థర్మోకోల్‌కూ మధ్య పాకి ఎక్కడో తేలతాయి. చుట్టూ టిష్యూ ముక్కలు అంటించి, నీళ్లు ఐదేసి సెంటీమీటర్లు తగ్గిస్తూ చూడాలి. ఒక మట్టం దగ్గర కారడం ఆగిందంటే లోపం నిలువు మూలలో, ఆ ఎత్తులో ఉన్నట్టు. ఇక్కడ చివరి అంగుళం దాకా ఆగలేదు, అంటే అడుగు అతుకే.

ఖాళీ చేసి బ్లేడు పెడితే అసలు సంగతి బయటపడింది. మిగతా పట్టీ అంతా కోసి గీకితే గానీ రాలేదు. ఎడమ వెనక మూలలో జానెడు మేర మాత్రం వేలితో లాగగానే రిబ్బన్‌లా ఊడి వచ్చింది. దాని కింద గాజు మీద పాత సిలికాన్ పొర, మీగడ కన్నా పల్చగా, అలాగే ఉంది. కొత్త సిలికాన్ గాజుకు పట్టినట్టు ఆరిన సిలికాన్‌కు పట్టదు. మూడు అద్దాలు కలిసే చోట బ్లేడు తిరగదు కాబట్టి పొర మిగిలేది అక్కడే. రంగులేని సిలికాన్ అయితే ఊడిన చోట వెండిలా మెరిసేది, నెలల ముందే తెలిసేది. నలుపు దాన్ని కప్పేసింది.

కారిన మూలకే అతుకు వేస్తే రెండు కొసల్లో మళ్లీ ఆరిన దానికి కొత్తది అంటించినట్టే. అందుకే మొత్తం 7.3 మీటర్లూ తీసేయాల్సి వచ్చింది. బ్లేడును గాజుకు ఆనించి పడుకోబెట్టి గీకాలి, మధ్య పొరలోకి దిగనివ్వకూడదు. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రెండుసార్లు తుడవాలి. నెయిల్ పాలిష్ రిమూవర్ వద్దు, అందులో నూనెలు కలిపి ఉండొచ్చు. ఇక అన్నిటికన్నా నమ్మదగిన పరీక్ష: మూలల్లో నీళ్లు చిలకరించండి. శుభ్రమైన గాజు మీద నీరు పొరలా పరుచుకుంటుంది. తామరాకు మీదలా బొట్లు కట్టిందంటే సిలికాన్ మిగిలి ఉంది, మళ్లీ గీకాలి. మొదటిసారి ఈ ఒక్క పని చేసి ఉంటే రెండో రీసీల్ అవసరమే వచ్చేది కాదు.

వేసేటప్పుడు మూలకు రెండు వైపులా 8 మి.మీ. వదిలి మాస్కింగ్ టేపు, 300 మి.లీ. ట్యూబులు రెండు, గన్‌తో ఏకబిగిన పని. వెనిగర్ వాసన వచ్చే రకమే కావాలి. బాత్రూముల కోసం బూజు మందు కలిపి అమ్మేది చేపలకు ప్రమాదం. ఐదు నిమిషాల్లో పైన తొక్క కడుతుంది, ఆలోపే వేలితో నునుపు చేసి టేపు లాగేయాలి. సిలికాన్ గాలిలోని చెమ్మతోనే గట్టిపడుతుంది. అందుకే మే నెల పొడి ఎండలో లోపలి దాకా ఆరడానికి ఎక్కువ రోజులు పట్టింది, వానాకాలంలో వేసింది త్వరగా పట్టింది. ఏదైనా వారం ఆగి, వాసన పూర్తిగా పోయాకే పావు, సగం, నిండా నీళ్లు పోసి, ఒక్కో దశలో ఒక రోజు చూడాలి. స్టాండు రసమట్టంతో సరిచూసుకోవడం మరవద్దు.

రెండోసారి రంగులేనిది వేశాను, ఇరవై నెలలుగా చుక్క కారలేదు. మూలల్లో పచ్చగా నాచు పట్టి కనిపిస్తోంది, దానికి సర్దుకున్నాను.

కొనమంటానా అంటే, మా ఇల్లు కింది అంతస్తు. గాజు, ఇసుక, నీళ్లు కలిపి 850 కిలోల దాకా ఉంటుంది, చదరపు మీటరుకు 750 కిలోల పైనే. ఇళ్ల స్లాబుకు భారతీయ ప్రమాణం ఐఎస్ 875 చెప్పే వాడుక బరువు (మనుషులు, సామాన్ల బరువు) చదరపు మీటరుకు 200 కిలోలే. పై అంతస్తయితే ముందు ఇంజనీరుకు చూపించండి. చేపలను పది రోజులు ఉంచడానికి పెద్ద డ్రమ్ము, అందులో ఆపకుండా నడిచే మీ పాత ఫిల్టరు సిద్ధంగా లేకపోతే బ్లేడు చేతికి తీసుకోవద్దు.