ప్రొస్టేట్ రేడియేషన్‌లో వికారం: ఏ మాత్ర మేలు?

ప్రొస్టేట్ క్యాన్సర్‌లో ప్రొస్టేట్‌కి మాత్రమే రేడియేషన్ ఇస్తున్నప్పుడు చాలామందికి వికారం రాదు. ప్రొస్టేట్ పొత్తికడుపు అడుగున, మూత్రాశయం కింద ఉంటుంది. వాంతులు ఎక్కువగా తెప్పించే పైకడుపు భాగం కిరణాల దారిలోకే రాదు. రేడియేషన్ వాంతుల మీద వైద్యులు పాటించే మార్గదర్శకాలు కూడా ఇదే చెబుతాయి: ఒళ్ళంతటికీ ఇస్తే ముప్పు ఎక్కువ, పైకడుపుకి ఇస్తే మధ్యస్థం, కటి భాగానికి (తుంటి ఎముకల మధ్య ఉండే చోటికి) ఇస్తే తక్కువ.

కాబట్టి కడుపులో తిప్పుతోందంటే ఏ మాత్ర మంచిదని అడిగే ముందు, ఇది ఎక్కడి నుంచి వస్తోందో చూడాలి. నా దృష్టిలో సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

ప్రొస్టేట్‌తో పాటు చుట్టుపక్కల లింఫ్ గ్రంథులకు కూడా రేడియేషన్ ఇస్తుంటే చిన్నపేగుకి కొంత డోసు తగులుతుంది. అప్పుడు వికారం రేడియేషన్‌దే కావచ్చు. గ్రంథులకు ఇవ్వడం లేదంటే అనుమానం ముందు మందుల మీదకి పోవాలి. హార్మోన్ చికిత్సలో వాడే బైకాలుటమైడ్, అబిరాటెరోన్ రెండూ వికారం కలిగించగలవు. నొప్పికి వేసుకునే ట్రామడాల్ కూడా అంతే. నాలుగు రోజులుగా మలబద్ధకం ఉన్నా కడుపులో తిప్పుతుంది. రేడియేషన్ వేళకి మూత్రాశయం నిండి ఉండాలని ఖాళీ కడుపున గడగడా నీళ్ళు తాగేసినా తిప్పుతుంది. ఈ చివరిదానికి మందే అక్కర్లేదు. ముందుగా తేలికగా ఏదైనా తిని, ఆసుపత్రిలో చెప్పినన్ని నీళ్ళనే చెప్పిన సమయంలోపు కొంచెం కొంచెంగా తాగితే చాలావరకు సర్దుకుంటుంది.

ఒక జాగ్రత్త. వికారంగా ఉంటే మాత్ర తిన్నాక వేసుకో అని ఇంట్లో అందరూ చెబుతారు. అబిరాటెరోన్ విషయంలో ఆ సలహా ప్రమాదం. తిండితో కలిస్తే ఆ మందు రక్తంలోకి చాలా ఎక్కువగా చేరుతుంది. డాక్టరే తక్కువ డోసు రాసి తిన్నాక వేసుకోమంటే తప్ప, దాన్ని ఖాళీ కడుపునే వేసుకోవాలి.

ఇక మాత్రల సంగతి. ప్రధానమైన పోటీ ఒండాన్‌సెట్రాన్‌కీ మెటోక్లోప్రమైడ్‌కీ మధ్యే.

కిరణాలు పేగు గోడకి తగిలినప్పుడు అక్కడి కణాలు సెరటోనిన్ అనే రసాయనాన్ని వదులుతాయి. అది నరాల ద్వారా మెదడులోని వాంతి కేంద్రాన్ని కదిలిస్తుంది. ఒండాన్‌సెట్రాన్ సరిగ్గా ఆ సంకేతాన్నే అడ్డుకుంటుంది. అందుకే పేగుకి డోసు తగలడం వల్ల వచ్చిన వికారానికి ఇది సూటిగా పనిచేస్తుంది. సాధారణంగా మత్తుగా ఉండదు. నాలుక మీద పెట్టుకుంటే కరిగిపోయే రకం కూడా ఉంది కాబట్టి నీళ్ళు కూడా మింగుడుపడని వేళ పనికొస్తుంది. తలనొప్పి రావచ్చు. అయితే దీనికున్న అసలు చిక్కు మలబద్ధకం.

మలబద్ధకమే కదా అని తీసిపారేయకూడదు. ప్రొస్టేట్ మలాశయానికి ముందువైపు ఆనుకుని ఉంటుంది. మలాశయం మలంతోనో గ్యాస్‌తోనో ఉబ్బితే ప్రొస్టేట్ కొన్ని మిల్లీమీటర్లు ముందుకి జరుగుతుంది. రేడియేషన్ ప్లాన్ వేసింది ఖాళీ మలాశయాన్ని బట్టి. టేబుల్ మీద పడుకోబెట్టి స్కాన్ తీయగానే తెర మీద నల్లటి గాలి బుడగ కనిపిస్తే టెక్నీషియన్ లేపి టాయిలెట్‌కి వెళ్ళి రమ్మంటారు. అప్పటిదాకా నింపుకున్న మూత్రాశయం ఖాళీ అయిపోతుంది, నీళ్ళు మళ్ళీ మొదటి నుంచి తాగాలి. అసలే వికారంగా ఉన్న మనిషికి అది ఎంత నరకమో అనుభవించినవాళ్ళకి తెలుసు. అందుకే ఒండాన్‌సెట్రాన్ మొదలుపెట్టిన రోజే విరేచనం సాఫీగా అవడానికి ఏం వాడాలో డాక్టర్‌ని అడిగి పెట్టుకోవాలి.

మెటోక్లోప్రమైడ్ దారి వేరు. ఇది మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని అడ్డుకుంటుంది, పైగా కడుపులో ఉన్నదాన్ని త్వరగా కిందికి నెడుతుంది. రెండు ముద్దలు తినగానే కడుపు నిండిపోయినట్టుండి తిప్పేవాళ్ళకి, మలబద్ధకం మనిషికి ఇదే నయం. కానీ వణుకు (పెద్దవయసులో ఇది ఎక్కువ), స్థిమితం లేకపోవడం, మెడ లేదా దవడ కండరాలు బిగుసుకుపోవడం లాంటివి రావచ్చు. పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళకి ఇది పనికిరాదు. మామూలుగా ఐదు రోజులకి మించి వాడొద్దని ఐరోపా మందుల నియంత్రణ సంస్థ 2013లోనే చెప్పింది. రేడియేషన్ వారాల తరబడి సాగుతుంది కాబట్టి రోజువారీ తోడుగా ఇది నిలబడదు.

మరి ఏది మేలు? పేగు చెప్పిన మాట వినాలంటాను. గ్రంథులకు కూడా రేడియేషన్ ఇస్తూ, రెండు మూడు వారాలు గడిచాక విరేచనాలు పట్టుకుంటే ఒండాన్‌సెట్రాన్ వైపే మొగ్గు. అప్పుడు పేగుని తరిమే మందు వేసుకోవడం ఉన్న బాధని పెంచుకోవడమే. విరేచనాలు లేకుండా కడుపు బరువుగా, బిగుసుకుని ఉంటే కొద్దిరోజులకి మెటోక్లోప్రమైడ్.

గుండె సంగతి మాత్రం మర్చిపోకూడదు. ఒండాన్‌సెట్రాన్ ఈసీజీలో క్యూటీ అనే విరామాన్ని పెంచగలదు, అది మరీ పెరిగితే గుండె లయ తప్పవచ్చు. టెస్టోస్టెరాన్‌ని తగ్గించే హార్మోన్ ఇంజెక్షన్లూ అదే పని చేస్తాయి. రెండూ కలుస్తున్నాయంటే, అందులోనూ గుండె జబ్బు ఉంటే, ముందు ఒక ఈసీజీ తీయించమని అడగడం తప్పేమీ కాదు. వాంతులకి వాడే మరో మందు డోంపెరిడోన్‌కి ఈ భయం ఇంకా ఎక్కువ, ముఖ్యంగా 60 దాటినవారిలో. ప్రొస్టేట్ రోగుల్లో ఎక్కువమంది ఆ వయసువాళ్ళే కదా. మెదడులోకి పెద్దగా చేరదు కాబట్టి వణుకు తక్కువన్నది నిజమే అయినా, దాన్ని సొంతంగా కొని వేసుకోవడం నాకు అస్సలు నచ్చని పని.

అంతకంటే నచ్చనిది ప్రయాణాల్లో వాంతులకి వాడే మాత్రలు. ప్రోమెథజైన్ లాంటివి మత్తు కలిగించడమే కాదు, మూత్రాన్ని బిగబట్టేస్తాయి. ప్రొస్టేట్ వాచి ధార సన్నబడిన మనిషికి ఆ రాత్రి మూత్రం పూర్తిగా ఆగిపోయి గొట్టం వేయించుకోవాల్సి రావచ్చు. ఇంట్లో ఉన్నాయి కదా అని ఇవ్వకండి.

డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ పనిచేస్తుంది కానీ షుగర్ పెంచుతుంది, నిద్ర చెడగొడుతుంది. డాక్టర్ రాస్తే సరే.

ముందే వేసుకోవాలా, వచ్చాక వేసుకోవాలా అని చాలామంది అడుగుతారు. కటి రేడియేషన్‌కి సాధారణ పద్ధతి వచ్చాక వేసుకోవడమే. కానీ రోజూ సిట్టింగ్ అయిన గంటా రెండు గంటలకి క్రమం తప్పకుండా తిప్పుతోందంటే ఆ రోగం రేడియేషన్‌దే అనుకోవచ్చు. అప్పుడు సిట్టింగ్‌కి ముందే మాత్ర వేసుకోమని డాక్టర్ మార్చవచ్చు. రేడియేషన్ లేని సెలవు రోజుల్లో కూడా అంతే తిప్పుతుంటే మళ్ళీ మందుల చీటీ చూసుకోవాలి. వారంపాటు ఏ వేళకి తిప్పిందో ఒక కాగితం మీద రాసి తీసుకెళ్తే డాక్టర్ పని సగం తగ్గుతుంది.

అల్లం, మణికట్టు మీద నొక్కే పట్టీలు? అల్లం మీద జరిగిన పరిశోధన ఎక్కువగా కీమోథెరపీ వికారం గురించి, ఫలితాలూ ఒకేలా లేవు. తేలికపాటి వికారానికి కాస్త అల్లం వేసిన వేడినీళ్ళు హాయినిస్తే తాగండి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు మాత్రం అల్లం క్యాప్సూల్స్ జోలికి అడగకుండా పోవద్దు. పట్టీలతో నష్టం లేదు. వీటన్నిటికన్నా కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినడం, నూనె తగ్గించడం నిలకడగా పనికొస్తాయి.

వ్యాధి ఎముకలకి పాకి నడుముకో వెన్నుకో రేడియేషన్ ఇస్తుంటే లెక్క మారుతుంది. కిరణాలు పైకడుపు మీదుగా పోతుంటే మొదటి సిట్టింగ్‌కి ముందే ఒండాన్‌సెట్రాన్ అడగాలి. ఎముకల్లో వ్యాధి ఉన్న మనిషికి వికారంతో పాటు విపరీతమైన దాహం, మలబద్ధకం, మాటల్లో తికమక కనిపిస్తే రక్తంలో కాల్షియం పెరిగి ఉండవచ్చు. బైకాలుటమైడ్ లేదా అబిరాటెరోన్ వాడుతున్నప్పుడు కళ్ళు పచ్చబడి మూత్రం ముదురు రంగులో వస్తే కాలేయం సంగతి చూడాలి. పొట్ట ఉబ్బి గ్యాస్ కూడా పోకపోయినా, వాంతిలో రక్తం పడినా, రోజంతా నీళ్ళు కూడా నిలవకపోయినా, ఏ మాత్రా వేయకుండా అదే రోజు ఆసుపత్రికి ఫోన్ చేయండి.