మృదంగం: యాప్‌తో సాధన చేయాలా, పాటతోనా? ఏది మేలు?

మా పక్క ఫ్లాట్ కుర్రాడు మృదంగం మొదలుపెట్టి రెండేళ్లయింది. రోజూ గంటసేపు ఫోన్‌లో తాళం యాప్ పెట్టుకుని వాయిస్తాడు. ఇప్పుడు వాళ్లమ్మ శనివారం గుడిలో భజనకి వెళ్లి వాయించమంటోంది, వీడేమో "అక్కడ వాయిస్తే చెయ్యి పాడవుతుందంట కదా అంకుల్" అని నా దగ్గరికొచ్చాడు. అందులో సగం నిజమే.

ముందు యాప్ గురించి చెప్తాను, ఎందుకంటే దాన్ని తీసిపారేసేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. రెండో కాలం నుంచి మూడో కాలంలోకి, అంటే దానికి రెట్టింపు వేగంలోకి, వెళ్లేటప్పుడు నేను పరుగెత్తుతానని ఏళ్ల తరబడి నాకు తెలియలేదు, ఆ టిక్కు టిక్కు పెట్టుకుని కూర్చున్న మొదటి వారంలోనే బయటపడింది. పైగా తదిగిణతోం అని రెండు వందల సార్లు వాయిస్తుంటే పక్కన కూర్చుని వినే ఓపిక ఇంట్లోవాళ్లకే ఉండదు, ఇక పాడేవాళ్లకేముంటుంది? వేళ్లకి అలవాటయ్యే పని ఒంటరిగానే జరగాలి. కాకపోతే యాప్‌కి చెవుల్లేవు. గట్టిగా కొట్టినా మెల్లగా కొట్టినా దానికి ఒకటే.

రికార్డింగులు పెట్టుకుని వాయించడం దీనికంటే మేలనుకుంటారు చాలామంది. కీర్తనలు పరిచయం కావడానికి మంచిదే. కానీ ఆ రికార్డింగులో అప్పటికే ఒక మహా విద్వాంసుడు వాయించేసి ఉంటాడు, మన తప్పులన్నీ ఆయన నాదం కింద దాక్కుంటాయి, మనమేమో బ్రహ్మాండంగా కుదిరిందని లేస్తాం. నేను అలా ఆరు నెలలు మురిసిపోయాను.

ఆ మురిపెం శ్రీరామనవమి భజనలో దిగిపోయింది. ఒక పెద్దావిడ రామదాసు కీర్తన అందుకుంది, హార్మోనియం ఒకాయన, చిడతలు నలుగురు. ఆవిడకి ఒక మాట నచ్చితే చాలు, దాన్ని సాగదీసి సగం ఆవర్తనం, అంటే తాళంలో సగం చుట్టు, ఆలస్యంగా తర్వాతి లైన్‌కి వస్తుంది, అది తప్పని ఆవిడకీ తెలియదు, చిడతల వాళ్లకీ పట్టింపు లేదు, అందరూ ఆవిడతోపాటే వచ్చేశారు. లెక్క ప్రకారం నేనొక్కడినే కరెక్టు, వినడానికి నేనొక్కడినే తప్పు. పైగా రెండో చరణంలో ఆవిడ నా వైపు తిరిగి "కాస్త తగ్గించు నాయనా, నా గొంతు నాకే వినబడటం లేదు" అంది. తగ్గించాక గానీ తెలియలేదు, అప్పటిదాకా నేను ఆవిడ పాడే మాటలే వినలేదని.

అయితే భజనలో నష్టం కూడా ఉంది. పాట పాటకీ వేగం పెరిగిపోతుంది, చిడతల మోతలో మృదంగం వినబడాలని మనం అరచేత్తో బాదడం మొదలుపెడతాం, ఇంటికొచ్చాక చూస్తే కుడి వైపు అంచున వేలితో పలికించే మీటు పలకదు. కుర్రాడు విన్నది దీని గురించే.

అందుకే నా ఓటు మూడో దారికి: మనలాగే నేర్చుకుంటున్న పాడే మనిషి ఒకరు, వారానికి రెండు గంటలు. పల్లవి మొదటిసారి వస్తుంటే చేతులు ఆపుకుని వినడం, సంగతులు (అదే లైన్‌ని మార్చి మార్చి పాడటం) పెరిగే కొద్దీ నడక నింపడం, గొంతు మంద్రానికి దిగితే తొప్పి వైపు, అంటే ఎడమ వైపు, గుమ్మని మోగే గుమ్కీ తగ్గించడం, ఇవన్నీ అక్కడే వస్తాయి. ముక్తాయింపు, అంటే లెక్క కట్టి వాయించే ముగింపు, కూడా అంతే. పాట ఎత్తుగడ సమం (తాళం మొదటి దెబ్బ) మీద కాకుండా అర అక్షరం, అంటే అర లెక్క, తర్వాత ఉందనుకోండి, మన లెక్క సరిగ్గా అక్కడ దిగాలి, అదే క్షణంలో పాడే ఆమె పల్లవి అందుకోవాలి. ఒంటరిగా ఉంటే దిగిపోయామని మనకి మనమే చెప్పుకుంటాం. మనిషి ఎదురుగా ఉంటే, దిగకపోతే ఆమె నోరు తెరవదు, అంతే, గదిలో నిశ్శబ్దం. ఆ రెండు సెకన్లు నాకు నేర్పినంత ఏ యాప్ నేర్పలేదు.

ఘటం, కంజీర, మోర్సింగ్‌తో కలిసి తాళవాద్యం చేసుకోవడమూ సరదాయే, ఒకరు విసిరింది ఇంకొకరు పట్టుకోవాలి కాబట్టి బుర్ర చురుకవుతుంది. కానీ మొదట్లోనే ఇందులో పడితే లెక్కల పిచ్చి పట్టుకుంటుంది. మృదంగాన్ని సోలో వాద్యంగా నిలబెట్టిన ఎల్లా వెంకటేశ్వరరావు గారిలాంటి వాళ్లున్నారు, కాదనను. కానీ మామూలు కచేరీలో రెండు గంటలుంటే పాట ఆపి మృదంగాన్ని వాయించనిచ్చే తని ఆవర్తనానికి దక్కేది పావుగంటో ఇరవై నిమిషాలో, మిగతాదంతా పాటకి వాయించడమే. 1966లో మద్రాస్ మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు అందుకున్న పాల్ఘాట్ మణి అయ్యర్, ఆ గౌరవం దక్కిన మొదటి మృదంగ విద్వాంసుడు, ఆయన గురించి పెద్దలు ఎక్కువగా చెప్పుకునేదీ పాటకి వాయించిన తీరే.

వారానికి ఆరు గంటలు దొరికితే మూడు యాప్‌తో, రెండు పాడేవాళ్లతో, ఒకటి భజనకి అని కుర్రాడికి చెప్పాను. రికార్డింగులు బస్సులో వినడానికి చాలు.

మొన్న శనివారం వెళ్లొచ్చాడు. అక్కడ పాడే ఆవిడది ఐదు శృతి, అంటే ఎత్తు శృతి, వీడిది తగ్గు శృతి మృదంగం, శృతి పెంచడానికి రాయితో ఎంత కొట్టినా కలవలేదట. "హెచ్చు శృతిది ఇంకోటి కొనాలా అంకుల్?" అన్నాడు. రెండేళ్లలో వాడు నన్ను శృతి గురించి అడగడం ఇదే మొదటిసారి.