నాన్‌లీనియర్ కాంతికి ఏ ఫైబర్ మేలు?

మా పిన్నికొడుకు విశాఖలో ఎంఎస్సీ ఫిజిక్స్ చేస్తున్నాడు. మొన్న బీచ్ రోడ్డులో నడుస్తుంటే అడిగాడు: "అన్నయ్యా, ఒక్క రంగు లేజర్ పంపితే బోలెడన్ని రంగులు బయటికి రావాలి. ఏ ఫైబర్ తీసుకోమంటావ్? చాల్కోజినైడ్ గాజు సిలికా కంటే వంద రెట్ల పైనే నాన్‌లీనియర్ అట కదా!"

నాన్‌లీనియర్ అంటే, బలమైన కాంతి పడినప్పుడు గాజు ప్రవర్తన మారి కొత్త రంగులు పుట్టించే గుణం. సిలికా మామూలు ఫైబర్ల గాజు, చాల్కోజినైడ్ గంధకం లాంటి మూలకాలతో చేసే గాజు. పప్పులో కాలు వేసేది ఆ వంద రెట్ల దగ్గరే. నేను అడిగింది ఒకటే: "నీ లేజర్ ఎన్ని నానోమీటర్లు?"

లేజర్ పంపే పొట్టి కాంతి తునక (పల్స్) ఫైబర్‌లో పొడవుగా సాగి పలచబడితే, గాజు ఎంత నాన్‌లీనియర్ అయినా లాభం లేదు. పల్స్ సాగకుండా ఉండాలంటే ఫైబర్ డిస్పర్షన్ (రంగును బట్టి కాంతి వేగం మారడం) సున్నా అయ్యే చోటు లేజర్ తరంగదైర్ఘ్యానికి దగ్గరగా ఉండాలి. మామూలు సిలికా గాజుకు అది 1270 నానోమీటర్ల దగ్గర వస్తుంది. మిగతాదంతా ఆ చోటును కావలసిన దిక్కుకు జరిపే డిజైనే.

వాడి లేజర్ 1550. దానికి హెచ్‌ఎన్‌ఎల్‌ఎఫ్ (హైలీ నాన్‌లీనియర్ ఫైబర్) చాలు, అదే మేలు. కాంతి నడిచే నడిమి భాగమైన కోర్‌లో జర్మేనియం ఎక్కువ కలిపి, కోర్‌ను 4 మైక్రాన్ల దాకా సన్నం చేస్తారు. నాన్‌లీనియర్ గుణకం మామూలు ఫైబర్‌లో వాట్-కిలోమీటరుకు 1.3 ఉంటే, ఇందులో 10 దాటుతుంది. అంతకన్నా నాకు నచ్చేది, ఇంటికి నెట్ కనెక్షన్ ఇచ్చేవాళ్ల దగ్గరుండే స్ప్లైసింగ్ మెషిన్‌తోనే దీన్ని అతికించవచ్చు. అతుకు దగ్గర కాంతి పోకపోతే సగం గెలిచినట్టే.

లేజర్ 800 అయినా 1064 అయినా నేను పీసీఎఫ్ (ఫోటోనిక్ క్రిస్టల్ ఫైబర్) వైపే మొగ్గుతాను. 1996లో ఫిలిప్ రస్సెల్ బృందం సౌతాంప్టన్‌లో చేసి చూపించిన ఫైబర్ ఇది. కోర్ చుట్టూ సన్నని గాలి రంధ్రాలుంటాయి. డిస్పర్షన్ సున్నా అయ్యే చోటును దృశ్యకాంతి దాకా లాక్కొచ్చేవి ఆ రంధ్రాలే. 2000లో బెల్ ల్యాబ్స్‌లో 75 సెంటీమీటర్ల ముక్కలోకి 790 నానోమీటర్ల పల్సులు పంపితే, ఊదా నుంచి ఇన్‌ఫ్రారెడ్ దాకా వెలుగు వచ్చింది. ఆ స్పెక్ట్రమ్‌ను (రంగుల పట్టీని) ఎర్ర కొసవైపు లాగడంలో రామన్ ఎఫెక్ట్‌కూ (కాంతి తన శక్తిలో కొంత గాజు అణువులకిచ్చి రంగు మారడం) వాటా ఉంది. ఆ సి.వి.రామన్ చిన్నప్పుడు చదివింది మన విశాఖలోనే అని తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

కానీ మన ఊరి సముద్రపు గాలితో పీసీఎఫ్‌కు పేచీ ఉంది. ఒకసారి వానాకాలంలో నేను కొసలు సీల్ చేయకుండా కొన్ని వారాలు వదిలేశాను. రంధ్రాల్లోకి తేమ చేరి, 1380 దగ్గర స్పెక్ట్రమ్‌లో గుంట పడింది. కొసలు కొంచెం కోసి పారేశాకే తేరుకుంది. అతికించడమూ కష్టమే, వేడి ఎక్కువైతే రంధ్రాలు మూసుకుపోతాయి.

ఇక చాల్కోజినైడ్. సిలికా 2.4 మైక్రాన్లు (2400 నానోమీటర్లు) దాటితే కాంతిని మింగేస్తుంది కాబట్టి, ఆ అవతలి మిడ్-ఇన్‌ఫ్రారెడ్ కావాలంటే ఇది తీసుకోవచ్చు. అందులో ఒక రకమైన ఆర్సెనిక్ సల్ఫైడ్‌కు డిస్పర్షన్ సున్నా అయ్యేది 5 మైక్రాన్ల దగ్గర. 1550 పల్స్ అందులో వెంటనే సాగిపోతుంది. పైగా పెళుసు గాజు, ఎక్కువ పవర్‌కు తట్టుకోదు.

వాడు వంద మీటర్ల హెచ్‌ఎన్‌ఎల్‌ఎఫ్ చుట్ట తెప్పిస్తానన్నాడు, వద్దన్నాను. ఫెమ్టోసెకండ్ పల్సులైతే, అంటే అతి పొట్టివైతే, కొత్త రంగులు పుట్టేది మొదటి మీటర్లలోనే. రెండు మీటర్లతో మొదలుపెట్టి, స్పెక్ట్రమ్ చూస్తూ కొంచెం కొంచెం కోసుకుంటూ రమ్మన్నాను.