“బరువు తగ్గమ్మా” అంటే చాలా, కూర్చుని మాట్లాడాలా?

నలభై దాటిన ఆడవాళ్లకు బరువు సంగతి మనవాళ్లు రెండు రకాలుగా చెబుతారు. ఒకటి, ఓపీలో చీటీ రాస్తూనే “బరువు తగ్గమ్మా, లేకపోతే క్యాన్సర్ వస్తుంది” అనేయడం. రెండోది, పది నిమిషాలు కూర్చోబెట్టి, ఆమె రోజు ఎలా గడుస్తుందో అడిగి, నెలకు మళ్లీ రమ్మనడం.

మొదటిదాన్ని పూర్తిగా తప్పు పట్టలేను. బయట వందమంది వరుసలో ఉంటే డాక్టరుకు అంతకన్నా టైమ్ ఎక్కడిది? కానీ ఆమె ఇంటికి తీసుకెళ్లేది భయమే. రేపు రొమ్ములో గడ్డ తగిలినా, మళ్లీ బరువు గురించే తిడతారని ఆసుపత్రికి రాకపోతే? నన్ను బాధపెట్టేది అదే.

కూర్చుని మాట్లాడితే కారణం చెప్పే వీలుంటుంది. నెలసరి పూర్తిగా ఆగాక అండాశయాల్లో ఈస్ట్రోజెన్ అనే హార్మోను తయారీ బాగా పడిపోతుంది. అప్పుడు ఒంట్లోని కొవ్వే దాన్ని తయారుచేస్తుంది. కొవ్వు పెరిగితే ఈస్ట్రోజెనూ పెరిగి, రొమ్ములో, గర్భసంచి లోపలి పొరలో కణాలు పెరిగేలా చేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2016లో అధిక కొవ్వుతో ముడిపడ్డవిగా చెప్పిన 13 రకాల క్యాన్సర్లలో ఈ రెండూ ఉన్నాయి.

అడిగితేనే బయటపడేవి కొన్ని ఉంటాయి. ఒకావిడ నడుము టేపుతో కొలిస్తే 94 సెంటీమీటర్లు. మన ఆడవాళ్లకు 80 దాటితేనే జాగ్రత్తపడాలి. “నేను తినేదే తక్కువండీ” అంది. ఇంకాస్త అడిగితే, రాత్రి అందరూ తిన్నాక గిన్నెలో మిగిలిన అన్నం పారేయలేక, పెరుగు కలుపుకుని తనే తినేస్తానంది. తక్కువ తినమన్న సలహా ఆ గిన్నె దాకా చేరదు. రాత్రికి అర గ్లాసు బియ్యం తగ్గించి పొయ్యమన్నాం.

డ్వాక్రా సంఘం మీటింగులో చెబితే నడకకు తోడు దొరుకుతుంది, మంచిదే. అందరి ముందూ తూకం మాత్రం వేయకూడదు.

నా ఓటు రెండోదానికే, అదీ బరువు పెరగకముందే. అమెరికాలో 2022లో వచ్చిన సిఫార్సు 40 నుంచి 60 ఏళ్లలోపు మామూలు బరువున్న ఆడవాళ్లతోనూ మాట్లాడమంటోంది. పెరిగింది దించడం కన్నా పెరగకుండా చూసుకోవడమే తేలిక కదా.

ఒక్క విషయంలో మాత్రం కౌన్సెలింగ్ అంటూ ఆగొద్దు. నెలసరి ఆగి ఏడాది దాటాక మళ్లీ రక్తం కనిపిస్తే, ఒక్క చుక్కయినా సరే, లావా సన్నమా అని చూడకుండా వెంటనే గైనకాలజిస్టు దగ్గరికి పంపాలి.